తీర్మానాల పుస్తకంలో చేరని మాట

పంచాయతీల తీర్మానాల పుస్తకాలు రాయడంలోనే నా ఉద్యోగ జీవితం చాలా భాగం గడిచింది. "సభ్యులందరూ చర్చించి ఏకగ్రీవంగా ఆమోదించడమైనది" అనే వాక్యాన్ని ఎన్ని వందలసార్లు రాశానో లెక్క లేదు. ప్రత్యేక సంచికకు చరిత్ర విషయం ఏదైనా రాయమని సంపాదకవర్గం వారు కోరారు. రాజుల చరిత్ర, దేవాలయాల చరిత్ర రాయగల పండితులు మన సంఘంలో ఉన్నారు. నాకు తెలిసింది సభలూ, తీర్మానాలూ. కనుక సభల్లో పెద్దల పక్కన చిన్నవాళ్లకు మాట ఎప్పుడు దక్కింది, ఎప్పుడు దక్కలేదు అనే చిన్న చరిత్రను ఎంచుకున్నాను. ఇందులో నా తప్పు కూడా ఒకటి ఉంది. ముందు దాన్ని చెప్పుకుని అసలు విషయానికి వస్తాను.

జన్మభూమి కార్యక్రమం 1997 జనవరిలో మొదలైంది. ఆ ఏడాది ఒక గ్రామసభకు కార్యనిర్వహణాధికారిగా నేను హాజరయ్యాను. ఊరికి ఒక చేతిపంపు మంజూరైంది. ఎక్కడ వేయాలన్నది చర్చ. పెద్దలు రచ్చబండ పక్కన అన్నారు. అందరికీ నడిమధ్య, బండి వచ్చే దారి, ఎవరికీ అభ్యంతరం లేదు. ఇంతలో వెనక వరుసలో నుంచి ఒక అమ్మాయి లేచింది. తొమ్మిదో తరగతి చదువుతోందట.

"పెద్దయ్యా, అక్కడ వద్దు. సాయంత్రం పూట అక్కడ పేకాట ఆడతారు. బిందె పట్టుకుని మేం అక్కడికి రాలేం. బడి దగ్గరైతే వస్తాం" అంది.

సర్పంచి గారు నవ్వి, "నీకు ఓటుందా తల్లీ? కూచో" అన్నారు. సభంతా నవ్వింది. నేనూ నవ్వాను. పంపును రచ్చబండ పక్కన వేయాలని తీర్మానం అయింది. ఏకగ్రీవంగా ఆమోదించడమైనదని రాశాను. ఆ పిల్ల మాట రాయలేదు. ఓటరు కాని మనిషి మాటను గ్రామసభ పుస్తకంలో రాయాలని ఏ నిబంధనలోనూ లేదు, రాయకూడదనీ లేదు.

రెండేళ్ల తరువాత వేరే పని మీద ఆ ఊరు వెళ్లాను. పంపు పిడి తుప్పు పట్టి ఉంది. ఆడపిల్లలు మునుపటిలాగే ఊరి చివర బావికి పోతున్నారు. అక్కడ నీళ్లు పడక పంపు పాడుబడలేదు. నీళ్లు మోసేవాళ్లను అడక్కుండా, మోయనివాళ్లు చోటు నిర్ణయించినందువల్ల పాడుబడింది. ఆ సభలో విషయం బాగా తెలిసిన మాట ఒక్కటే వచ్చింది. దాన్ని పుస్తకంలో ఎక్కించకుండా వదిలేసింది నేనే.

రిటైరైన తరువాత తీరిక దొరికి, ఈ విషయం మీద దొరికినంత చదివాను. అందులో మనవాళ్లకు పనికివచ్చేది కొంత ఇక్కడ రాస్తున్నాను.

మన ఉద్యమాల అనుభవం

చిన్నవాళ్లను నమ్మి బాధ్యత అప్పగించడం మనకు కొత్త కాదు. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901 సెప్టెంబరు 1న వెలసింది. నిజాం రాజ్యంలో తెలుగు చదువుకు అది పెద్ద అండ అయింది. దాని స్థాపకుల్లో ఒకరైన కొమర్రాజు లక్ష్మణరావు గారికి అప్పటికి 24 ఏళ్లు. ఈనాడు మనం "కుర్రాడు" అనే వయసు.

బెజవాడలో 1914 ఏప్రిల్ 10న మొదటి ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగింది. అధ్యక్షులు చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు. 1867లో పుట్టినవారు. అప్పటికే ఆంధ్రదేశమంతా పేరున్న పెద్దలు. ఆ సభను కూర్చడానికి నడుం కట్టినవారిలో ముఖ్యులు అయ్యంకి వెంకటరమణయ్య గారు. 1890లో పుట్టారు కనుక ఇంకా 24 నిండలేదు. అధ్యక్షపీఠం మీద పెద్దాయన, కార్యభారం మోస్తూ చిన్నాయన. పెద్దాయన పేరుకు సభ కదిలి వచ్చింది. చిన్నాయన కాలికి ఊళ్లు తిరిగే సత్తువ ఉంది. అయ్యంకి వారు తరువాత దశాబ్దాల తరబడి ఆ ఉద్యమాన్నే అంటిపెట్టుకున్నారు. గ్రంథాలయోద్యమ పితామహుడని పేరు తెచ్చుకున్నారు. 1972లో పద్మశ్రీ అందుకున్నారు. ఇరవైలలో ఆయనకు "కూచో" అని ఎవరైనా చెప్పి, ఆయన కూచుని ఉంటే, ఈనాటి మన గ్రంథాలయాల చరిత్ర ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు.

దీనికి విరుద్ధమైన ఉదాహరణ కూడా అదే కాలంలో ఉంది. 1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చి ఉపన్యసించారు. విద్యార్థులు వందేమాతరం బిళ్లలు పెట్టుకుని కళాశాలకు వెళ్లారు. కళాశాల వారు శిక్షించారు. ట్రైనింగ్ కళాశాలలో చదువుతున్న గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారిని బహిష్కరించారు. ఆయనకు అప్పుడు 23 ఏళ్లు. మరుసటి ఏడు, 1908లో, పత్రికా రచనలకు జైలు పాలయ్యారు. ఆ కళాశాలలో విద్యార్థి తన మాట చెప్పుకోవడానికి లోపల చోటు లేదు. లోపల చోటు లేనివాడు బయట నిలబడి కేక వేస్తాడు. ఆ గాడిచర్ల వారే తరువాత గ్రంథాలయాలకూ, వయోజన విద్యకూ జీవితం ధారపోశారు. గొంతెత్తిన కుర్రవాడికీ, సంస్థలు నిలబెట్టిన పెద్దమనిషికీ మధ్య మనిషి మారలేదు. కూర్చోవడానికి చోటు దొరికింది, అంతే.

చట్టం ఇచ్చిన వయసు

ఇక చట్టాల సంగతి. రాజ్యాంగంలోని 326వ అధికరణం మొదట 21 ఏళ్లు నిండినవారికి ఓటు ఇచ్చింది. చదువు రానివారే ఎక్కువగా ఉన్న దేశంలో, ఆస్తి, చదువు, ఆడ, మగ అనే తేడా లేకుండా ఓటివ్వడం ఆనాటికి సాహసం. అయితే 18 నుంచి 21 మధ్య వయసువాళ్లు అప్పట్లో బయటే ఉండిపోయారు. ఆ వయసులో పెళ్లిళ్లు చేసుకున్నారు, సైన్యంలో చేరారు, గుమాస్తాలుగా మనతో పాటు ఉద్యోగాలూ చేశారు. ఓటు మాత్రం లేదు. రాజీవ్ గాంధీ గారి ప్రభుత్వ కాలంలో, 1988 డిసెంబరులో, పార్లమెంటు 61వ సవరణను ఆమోదించింది. 1989 మార్చి 28న అమల్లోకి వచ్చింది. ఆ సంవత్సరం నవంబరులో జరిగిన లోక్‌సభ ఎన్నికల్లో 18 ఏళ్లవారు మొదటిసారి ఓటు వేశారు.

ఓటు 18కి దిగినా, సీటు దిగలేదు. లోక్‌సభకూ, శాసనసభకూ పోటీ చేయడానికి 25 ఏళ్లు నిండాలి, రాజ్యసభకూ, శాసనమండలికీ 30. పంచాయతీల విషయంలో మాత్రం ఒక మెట్టు దిగింది. 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిన 73వ సవరణలో, 21 ఏళ్లు నిండినవారిని వయసు చాలదని పంచాయతీ సభ్యత్వానికి అనర్హులను చేయరాదని రాశారు. అందువల్లనే 22, 23 ఏళ్ల సర్పంచులను మనం చూడగలిగాం. వారిలో కొందరి దగ్గర నేను పనిచేశాను. బాగా చేసినవారూ ఉన్నారు, వెనక కూర్చున్న మామగారు చెప్పిన చోట సంతకం పెట్టినవారూ ఉన్నారు. కుర్చీ చట్టం ఇస్తుంది గానీ, మాట చట్టం ఒక్కటే ఇవ్వలేదని అప్పుడు అర్థమైంది.

అదే సవరణ ప్రకారం గ్రామసభ అంటే గ్రామంలోని ఓటర్ల సభ. ఓటు లేనివారికి అక్కడ చోటు చెప్పలేదు. విచిత్రమేమంటే, ఆ సవరణను పార్లమెంటు ఆమోదించిన 1992 డిసెంబరులోనే, 11వ తేదీన, మన దేశం బాలల హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలో చేరింది. ఐక్యరాజ్యసమితి 1989 నవంబరు 20న ఆమోదించిన ఆ ఒడంబడికలోని 12వ అధికరణం, తమకు సంబంధించిన విషయాల్లో అభిప్రాయం చెప్పే హక్కు పిల్లలకు ఉన్నదనీ, వారి వయసుకూ పరిపక్వతకూ తగిన విలువ ఆ అభిప్రాయానికి ఇవ్వాలనీ అంటుంది. అంటే 1997 నాటి ఆ గ్రామసభలో లేచి నిలబడ్డ పిల్ల, దేశం ఒప్పుకున్న హక్కునే వాడుకుంది. సర్పంచి గారికి ఆ సంగతి తెలియదు. అధికారిని, నాకూ తెలియదు.

కుందాపుర పిల్లలు

మనకు పొరుగున ఉన్న కర్ణాటకలో ఈ చోటు ఎలా ఏర్పడిందో తెలుసుకోవడం అవసరం. అక్కడ పని చేసుకుని బతికే పిల్లలు 1990లో భీమ సంఘ అనే తమ సంఘాన్ని పెట్టుకున్నారు. బెంగుళూరులోని 'కన్సర్న్‌డ్ ఫర్ వర్కింగ్ చిల్డ్రన్' అనే సంస్థ వారికి అండగా నిలిచింది. 1995 నుంచి, ఇప్పుడు ఉడిపి జిల్లాలో ఉన్న కుందాపుర తాలూకాలో, మక్కళ పంచాయతీలు అంటే పిల్లల పంచాయతీలు మొదలయ్యాయి. బడికి పోయే పిల్లలూ, పనికి పోయే పిల్లలూ ఓట్లు వేసి తమ ప్రతినిధులను ఎన్నుకున్నారు.

పంద్రాగస్టు నాడు పిల్లలకు మంత్రుల వేషాలు వేయించి, ఫోటో తీసుకుని, చాక్లెట్లు పంచే కార్యక్రమాలు మన బళ్లలో ఎన్నో చూశాం. ఇది అలాంటిది కాదు. పిల్లల ప్రతినిధులూ, గ్రామ పంచాయతీ వారూ, ప్రభుత్వ అధికారులూ ఒకే చోట కూర్చునే సమితి ఏర్పాటైంది. పిల్లలు తమ ఊరి సమస్యలను తామే తిరిగి, లెక్క తీసి, సమితి ముందు పెట్టారు. ఆ సమస్యల్లో ముఖ్యమైనది వాగుల మీద కాలిబాట వంతెనలు. ఆ ప్రాంతంలో వానాకాలం వాగులు పొంగుతాయి. దాటడానికి కర్ర దుంగలు వేసుకుంటారు, కాలుసంక అంటారు. పెద్దవాళ్ల కాలుకు అది దారి. బడికి పోయే పిల్లకు మాత్రం ప్రాణభయం. వానాకాలం బడి మానడానికి అదొక కారణం. ఏ వాగు దగ్గర ఏ పిల్లలు ఆగిపోతున్నారో పిల్లలకే తెలుసు. పెద్దల ప్రణాళికలో రోడ్లు ఉండేవి, ఈ వాగులు కనపడేవి కావు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. డబ్బు ఖర్చు పెట్టే అధికారం పెద్దల పంచాయతీ దగ్గరే ఉంది. పిల్లలకు దక్కిందల్లా అడిగే హక్కు, జవాబు పొందే హక్కు. కుదరదంటే ఎందుకు కుదరదో వారి ఎదుట చెప్పాలి. కార్యాలయాల్లో పనిచేసిన మనకు బాగా తెలుసు, ఈ ఒక్కటి ఉంటే చాలు ఎన్ని దస్త్రాలు కదులుతాయో. తరువాత 2006లో, పంచాయతీల్లో పిల్లల గ్రామసభలు జరపాలని కర్ణాటక ప్రభుత్వం ఆదేశించింది. ఒక తాలూకాలో మొదలైన ప్రయత్నం రాష్ట్రానికి పద్ధతి అయింది.

రోజర్ హార్ట్ అనే పండితుడు 1992లో యునిసెఫ్ కోసం రాసిన చిన్న పుస్తకంలో, పిల్లల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా చూపించారు. కింది మూడు మెట్లను ఆయన భాగస్వామ్యమని ఒప్పుకోలేదు. పిల్లలను తమ మాటకు వాడుకోవడం ఒకటి, అలంకారంగా నిలబెట్టడం ఒకటి, పేరుకు మాత్రం కూర్చోబెట్టడం ఒకటి. అందరికంటే పై మెట్టు మీద పిల్లలే అధికారులై పెద్దలను పక్కకు నెట్టి ఉంటారని నేను అనుకున్నాను. కాదు. పిల్లలు మొదలుపెట్టిన పనిలో పెద్దలతో కలిసి నిర్ణయాలు తీసుకోవడమే పై మెట్టు. 1914 నాటి బెజవాడ సభ గుర్తుకొచ్చింది.

మన సంగతి

ఇదంతా పెన్షనర్ల పత్రికలో ఎందుకు అని కొందరు మిత్రులు అడగవచ్చు. మనకు తగిలిన విషయంతోనే జవాబు చెబుతాను.

కేంద్ర ప్రభుత్వంలో 1-1-2004 తరువాత చేరినవారికి పాత పెన్షను లేకుండా పోయింది. మన రాష్ట్రంలో 1-9-2004 నుంచి చేరినవారికి కాంట్రిబ్యూటరీ పెన్షను వచ్చింది. ఆ నిర్ణయం జరిగిన రోజున, అది ఎవరి మీద పడుతుందో వారు ఎక్కడున్నారు? చాలామంది బళ్లలో, కాలేజీల్లో ఉన్నారు. కొందరు ఊయలలో ఉన్నారు. వారి తరఫున మాట్లాడవలసినవాళ్లం అప్పటికి సర్వీసులో ఉన్న మనం. మనలో ఎంతమందిమి గట్టిగా అడిగాం? "మనకు వర్తించదు గదా" అని ఆ కాగితాన్ని పక్కన పెట్టినవారిలో నేనూ ఒకణ్ని. తరువాత ఇరవై ఏళ్లు ఆ పిల్లలు ధర్నాలు చేశారు. గాడిచర్ల వారిని బయట నిలబెట్టినట్టే వీరినీ నిలబెట్టాం.

నిర్ణయం ఎవరి మీద ఎక్కువ కాలం పడుతుందో, నిర్ణయించే చోట వారి గొంతు అంత తక్కువగా వినపడటం ఏ సంస్థలోనైనా ఉండే జబ్బు. దీనికి కారణం పెద్దల చెడ్డతనం కాదు. సభ్యత్వ నియమాలు, సమావేశాల వేళలు, "అనుభవం" అనే మాట, ఇవన్నీ కలిసి ఆ పని చేస్తాయి.

పడుచువాళ్లకు అనుభవం చాలదు, తొందర ఎక్కువ, ఈరోజు ఉండి రేపు బదిలీ మీద పోతారు అనే అభ్యంతరాలు న్యాయమైనవే. వారు చెప్పినవన్నీ సరైనవని నేను అనడం లేదు. అనుభవం మనకు ఎలా వచ్చింది? పై అధికారి ఎవరో మనల్ని పక్కన కూర్చోబెట్టుకుని, "ఈ ఫైలు నువ్వు చూడు, తప్పుపోతే నేనున్నాను" అన్నందువల్ల వచ్చింది. అలా అన్న అధికారి పేరు మనందరికీ ఇప్పటికీ గుర్తుంది.

మన సంఘం సంగతే చూడండి. లైఫ్ సర్టిఫికెట్టు డిజిటల్ పద్ధతి, జీవన్ ప్రమాణ్, 2014లో వచ్చింది. ప్రతి ఏటా మన ఇళ్లలో ఆ పని చేసిపెడుతున్నది ఎవరు? కొడుకులు, కూతుళ్లు, మనవలు. ఏ బ్యాంకులో ఎక్కడ ఇబ్బంది పడుతున్నారో, ఏ వృద్ధుడికి వేలిముద్ర పడటం లేదో వారికి తెలుసు. మన ఫోన్లు వారి చేతుల్లో ఉన్నాయి, మన తీర్మానాలు మాత్రం మన చేతుల్లోనే ఉన్నాయి. చేతిపంపు కథే మళ్లీ జరుగుతోంది.

కనుక వచ్చే సర్వసభ్య సమావేశంలో పరిశీలనకు నా సూచనలు కొన్ని మనవి చేస్తున్నాను. కాంట్రిబ్యూటరీ పెన్షను కింద పనిచేస్తున్న ఉద్యోగులు ఇద్దరినీ, ఫ్యామిలీ పెన్షనర్ల పిల్లల్లో ఇద్దరినీ కార్యవర్గ సమావేశాలకు శాశ్వత ఆహ్వానితులుగా పిలుద్దాం. ఒక్కరినే పిలిస్తే బొమ్మలా కూర్చుని వెళతారు, ఇద్దరుంటే ఒకరికొకరు ధైర్యం. అజెండా వారం ముందు వారికీ పంపాలి. సమావేశం ఆఫీసు వేళల్లో కాక ఆదివారం పెట్టాలి. వారు చెప్పిన మాట, మనం ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, మినిట్స్‌లో వారి మాటగా నమోదు కావాలి. దానికి తరువాతి సమావేశంలో జవాబు చెప్పాలి. ఓటు సంగతి నిబంధనల సవరణతో ముడిపడి ఉంది, అది రెండేళ్లు చూసిన తరువాత ఆలోచించవచ్చు. ముందు మాటకు చోటిద్దాం.

ఆ రోజు సభలో లేచిన అమ్మాయికి ఇప్పుడు నలభై దాటి ఉంటాయి. ఎక్కడుందో తెలియదు. ఆమె పిల్లలకు ఇప్పుడు ఓటు వచ్చి ఉండవచ్చు. నేను రాయవలసిన వాక్యం ఇరవై ఏడెనిమిదేళ్లు ఆలస్యంగా, ఈ పత్రికలో రాస్తున్నాను.

"చేతిపంపు రచ్చబండ వద్ద కాక పాఠశాల వద్ద వేయవలెనని తొమ్మిదవ తరగతి విద్యార్థిని ఒకరు కోరినారు. అక్కడికి నీళ్లకు రావడానికి ఆడపిల్లలకు ఇబ్బంది అని కారణం తెలిపినారు. సభ ఆ కారణమును చర్చించలేదు."

మినిట్స్ సరిగా ఉన్నట్టు ధ్రువీకరిస్తున్నాను.